కంపైల్ అయినంత మాత్రాన పోర్టింగ్ పూర్తికాదు

పాతబస్తీ ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల ప్రెస్సు ఒకటి ఉందనుకోండి. అక్కడ విండోస్ మీద నడిచే ప్రోగ్రామ్‌లో ఒక థ్రెడ్ ఆర్డర్లు తీసుకుంటుంది, ఇంకొకటి వాటిని ప్రింటర్‌కు పంపుతుంది. దాన్ని లినక్స్‌కు మార్చే పని మీకిచ్చారు. కోడ్ కంపైల్ కాగానే డెలివరీ ఎప్పుడని మేనేజర్ అడుగుతారు. అప్పుడే తేదీ చెప్పకండి.

విండోస్‌లో ఆటో-రీసెట్ ఈవెంట్‌ను సెట్ చేసినప్పుడు ఎదురుచూసే థ్రెడ్ లేకపోయినా ఆ సిగ్నల్ నిలిచి ఉంటుంది. లినక్స్‌లో పీథ్రెడ్స్ కండిషన్ వేరియబుల్ అలా కాదు. ఆ క్షణంలో ఎదురుచూసేవాళ్లు లేకపోతే సిగ్నల్ గాలికి పోతుంది. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి వదిలేస్తే ఆర్డర్ క్యూలోనే పడి ఉంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. పెళ్లివాళ్లు కార్డుల కోసం వచ్చినప్పుడే సంగతి బయటపడుతుంది. అందుకే మ్యూటెక్స్ పట్టుకుని, క్యూ ఖాళీగా ఉందా అని వైల్ లూప్‌లో చూస్తూ వెయిట్ చేయించండి. సిగ్నల్ లేకుండానే థ్రెడ్ లేచే అవకాశం కూడా ఉంది కాబట్టి ఇఫ్ చాలదు.

లాక్‌లతోనూ జాగ్రత్త. విండోస్ క్రిటికల్ సెక్షన్‌ను అదే థ్రెడ్ రెండోసారి తీసుకోవచ్చు. లినక్స్‌లో మామూలు మ్యూటెక్స్‌తో ఆ పని చేస్తే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. అవసరమైతే రికర్సివ్ రకం అడిగి తీసుకోవాలి.

స్టాక్ సైజు కూడా చూడండి. విండోస్‌లో థ్రెడ్‌కు డిఫాల్ట్ 1 ఎంబీ, జీలిబ్‌సీ ఉన్న లినక్స్‌లో సాధారణంగా 8 ఎంబీ. ఆల్పైన్ కంటెయినర్‌లో వాడే మసల్ అనే సీ లైబ్రరీ ఇచ్చేది 128 కేబీనే. ఫంక్షన్‌లో పెద్ద లోకల్ అర్రే ఉంటే అక్కడ క్రాష్ తప్పదు.

విండోస్ కోడ్ కాకుండా పాత లినక్స్ కోడే చేతికొస్తే దాని వయసు కనుక్కోండి. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నల్‌తో ఎన్‌పీటీఎల్ అనే థ్రెడ్ లైబ్రరీ స్థిరపడింది. అంతకుముందు లినక్స్‌థ్రెడ్స్‌లో ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో ప్రాసెస్ ఐడీ కనిపించేది. ఆ లెక్క మీద రాసిన కోడ్ ఇప్పుడు తప్పుదారి పడుతుంది.

కాబట్టి ఎస్టిమేట్ ఇచ్చేముందు క్రియేట్‌థ్రెడ్, వెయిట్‌ఫర్‌మల్టిపుల్‌ఆబ్జెక్ట్స్, టెర్మినేట్‌థ్రెడ్ ఎక్కడెక్కడున్నాయో కోడంతా వెతికి లెక్కపెట్టండి. రెండోదానికి పీథ్రెడ్స్‌లో నేరుగా సరిపోయేది లేదు. అక్కడ డిజైన్ మార్చాలి. కంపైల్‌కు ఒక తేదీ, థ్రెడ్‌శానిటైజర్‌తో లోడ్ టెస్టుకు మరో తేదీ ఇవ్వండి. రెండూ మెయిల్‌లో రాసి పెట్టండి. రేపు ఒత్తిడి పెరిగి టెస్టింగ్ కోసేద్దామన్నప్పుడు మీ మాటకు ఆధారం ఆ మెయిలే.