కవరు విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

బండి క్లచ్ ప్లేట్లు ఇంటి దగ్గరే మార్చుకుంటానన్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఆమెకు భయంగా ఉంది గానీ నాకు సంతోషమేసింది. వంద సీసీ బండికి ఇంట్లో చేసుకోదగ్గ పనే. అయితే స్పానరు పట్టే ముందు ఒకటి తేల్చుకో. నిజంగా ప్లేట్లే అరిగాయా?

ఎక్సలేటర్ ఇస్తే ఇంజను గోల పెరుగుతోందట, బండి మాత్రం లాగడం లేదట. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువైందట. అది క్లచ్ జారడమే, సందేహం లేదు. కానీ కేబుల్ బిగుసుకున్నా జారుతుంది. లివరు వదిలినా ప్లేట్లు పూర్తిగా కరుచుకోవు. లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ప్లే, అంటే ఖాళీ కదలిక, ఉందా చూడు. లేకపోతే అది సరిచేసి కొన్నాళ్ళు నడుపు. ఆ తర్వాత ఆయిలు. మన బండ్ల క్లచ్ ఇంజనాయిల్లోనే తిరుగుతుంది. కారు ఆయిల్ పోస్తే అందులో రాపిడి తగ్గించే రసాయనాలుండి, కొత్త ప్లేట్లయినా జారొచ్చు. గేరు బండ్లలో ఎక్కువవాటికి డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే కావాలి. ఎంబీ రకంలో రాపిడి తక్కువ, మాన్యువల్ అడిగితే తప్ప పోయకు. ఈ రెండూ బాగుండి కూడా జారితేనే క్లచ్ కవరు జోలికి వెళ్ళు.

ఇంజను చల్లారాక సెంటర్ స్టాండ్ వేసి ఆయిలు దింపు. కిక్ రాడ్డు, ఫుట్‌రెస్టు, కేబుల్ తీస్తే కుడివైపు కవరు అందుతుంది. దాని బోల్టుల పొడవులు ఒకటి కావు. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టును దాని చోటే గుచ్చిపెట్టు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. పాత ప్యాకింగును స్క్రూడ్రైవరుతో గీకకు. గీతపడిన చోట కొత్త ప్యాకింగ్ వేసినా ఆయిలు కారుతుంది.

స్ప్రింగు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. కొన్ని మోడళ్ళలో అవి తీస్తే ప్లేట్లు వచ్చేస్తాయి. కొన్నింటికి హబ్బు కూడా ఊడదీయాలి, దానికి వేరే టూలు కావాలి. నీ బండిది ఏ రకమో ముందే కనుక్కో. ఆ టూలు లేకుండా సుత్తీ ఉలీ పెట్టి కొట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ప్లేట్లు వచ్చిన వరుసలోనే ఫోటో తీసుకుని, ఒక్కొక్కటీ తుడిచి చూడు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. రాపిడి పొర అంతా సమానంగా అరిగితే అది వయసు. ఉక్కు ప్లేట్లు నీలంగా మారి ఉంటే అది వేడి. ట్రాఫిక్‌లో సగం క్లచ్ పట్టుకుని బండిని నిలబెడుతున్నావన్నమాట. ఆ అలవాటు మారకపోతే కొత్త ప్లేట్లకూ అదే గతి. ఉక్కు ప్లేటును అద్దం పలక మీద పెట్టు. ఊగితే వంకరపోయినట్టే, మార్చెయ్. ప్లేట్ల చెవులు కదిలే చోట బాస్కెట్టుకు గాట్లు పడ్డాయేమో వేలితో తడుము. లోతుగా ఉంటే లివరు నొక్కినా క్లచ్ సరిగా విడవదు. స్ప్రింగులు కూడా ప్లేట్లతోపాటే కొను, వాడగా వాడగా అవి పొట్టివవుతాయి.

కొత్త ప్లేట్లను రాత్రంతా ఇంజనాయిల్లో నానబెట్టు. పొడిగా వేస్తే మొదటి కిలోమీటర్లలోనే మాడిపోవచ్చు. స్ప్రింగు బోల్టులు సన్నటి ఆరు మిల్లీమీటర్ల మరవి. 10, 12 న్యూటన్ మీటర్లు చాలు, బలమంతా చూపించకు. కవరు మూసేటప్పుడు డోవెల్ పిన్నులు తమ చోట ఉన్నాయో లేదో చూసుకో. ఆయిలు పోశాకే కిక్ కొట్టు. కొత్త ప్లేట్లు మందంగా ఉంటాయి కనుక లివరు ప్లే మళ్ళీ సరిచేయాలి. దింపిన ఆయిల్ కాలవలో పోయొద్దు, డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇచ్చిరా.

పాత ప్లేట్లు పారేయకుండా ఒక సంచిలో పెట్టు. పండక్కి వచ్చినప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మామయ్య