చేపపిల్లలను వేటాడు సైక్లాప్సు

చౌడేపల్లె ప్రాంతములో వానకు నిండి వేసవికి ఎండు చెరువులు, కుంటలు ఎక్కువ. అట్టి నీటిలో వదలిన చిన్న చేపపిల్లలు కొద్ది రోజులలోనే కనబడకపోయిన, రైతులు కొంగలను, కొరమీనులను అనుమానింతురు. కాని కంటికి సరిగా ఆనని శత్రువు మరొకటి కలదు. అదియే సైక్లాప్సు.

ఇది యెట్టి జీవి?

నీటిలో తేలియాడు సూక్ష్మజంతువులను జంతు ప్లవకములందురు. వీనిలో కొన్ని తోటి ప్లవకములను వేటాడి తినును. బంగాళాఖాతములో బాణపురుగులు ఇట్టివి. మన చెరువులలో ఆ పని చేయునది సైక్లాప్సు. దీని పొడవు సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు. తలపై ఒకే కన్ను, ఆడదానికి తోక ప్రక్కల రెండు గుడ్ల సంచులు ఉండును. ఒకప్పుడు దిగుడుబావుల నీటి ద్వారా నారికురుపు వ్యాపించుటకు కారణమైనది ఈ జీవియే.

ఆహారము

ఇది రోటిఫర్లను, దోమపిల్లలను, తోటి ప్లవకములను పట్టి కొరికి తినును. 5, 6 మిల్లీమీటర్ల చేపపిల్ల దొరికినచో దాని రెక్కలను, ఒడలిని కొరుకును. పిల్ల కొంత పెరిగినచో కథ తిరగబడును. అప్పుడు సైక్లాప్సే చేపకు మేత యగును. బొచ్చెచేప దీనిని ఇష్టముగా తినును.

ఎప్పుడు పెరుగును?

కుంటకు నీరు పెట్టిన తరువాత మొదట రోటిఫర్లు, పిమ్మట మొయినా, రెండు మూడు వారములు గడచునప్పటికి సైక్లాప్సు హెచ్చును. ఎండను, వేసిన ఎరువును బట్టి ఈ గడువు మారును. రోటిఫర్లు, మొయినా లేత పిల్లలకు మంచి మేత.

రైతులు చేయవలసినవి

1. అప్పుడే పుట్టిన పిల్లలను పెద్ద చెరువులో వదలరాదు. చిన్న కుంటలో పెంచి, వేలెడంత అయిన పిమ్మట వదలవలెను.

2. కుంటను ముందుగా ఎండగట్టి, సన్నని వల గుండా నీరు పెట్టవలెను.

3. పిల్లలను వదలు ముందు పలుచని గుడ్డతో నీరు వడగట్టి, గుడ్డపై మిగిలిన దానిని గాజు గ్లాసులోని నీటిలో జాడించి వెలుతురులో చూడవలెను. రెండు సంచులతో చురుకుగా కుదుపుచు పోవునవి ఎక్కువగా ఉన్నచో పిల్లలను వదలక, నీరు తీసి మరల నింపవలెను.

4. సబ్బు, నూనె కలిపిన మందు గాలికై పైకి వచ్చు నీటిపురుగులనే చంపును. సైక్లాప్సుపై అది పనిచేయదు.

పిల్లలు కొనుటకు పెట్టు రూకలు నిలువవలెనన్న, ముందు నీటిని పరీక్షించుడు.