‘మీరు వెళ్లి రండి, నేనిక్కడే కూర్చుంటా’ అనకండి!

వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్తుండేవారు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆయన బెంచీ మీద కూర్చుని వేరుశనగలు తింటూ చూసేవారు. పెద్దలూ పిల్లలూ కలిసి సరదాపడే చోటు ఒకటి ఉంటే బాగుండునన్న ఆలోచన తనకు అక్కడే వచ్చిందని తర్వాత ఆయనే చెప్పారు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచారు. ఆ రోజుకు ఆయన వయసు 53 ఏళ్లు.

యాభై దాటిన ఒక తండ్రి, ఇక బెంచీ మీద కూర్చుని చూడక్కర్లేకుండా కట్టుకున్న పార్కు అది. ఇప్పుడు మన కుటుంబాల సంగతి చూడండి. అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో విమానమెక్కి, ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి అమెరికా వెళ్తారు. పిల్లలు సెలవు పెట్టి, టికెట్లు కొని ఆర్లాండో తీసుకెళ్తారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి అమ్మ అనే మాట ఒకటే: “మీరు వెళ్లి రండ్రా, నేనిక్కడ బ్యాగులు చూసుకుంటా.”

ఆ మాట వెనక అలసట ఉంది, అరికాలి మంట ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా మొహమాటం ఉంది. కాళ్లను సిద్ధం చేసుకోవచ్చు. మొహమాటాన్నీ వదిలించుకోవచ్చు. రెండూ మన చేతిలో పనులే.

ముందు లెక్క తెలుసుకోండి

‘పార్కే కదా, తిరిగొద్దాం’ అనుకుని బయల్దేరితే మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో ఆర్లాండో దగ్గర మొదలైన వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఇప్పుడు నాలుగు పెద్ద పార్కులున్నాయి. వాటిలో 1982లో తెరిచిన ఎప్‌కాట్‌లో పదకొండు దేశాల మండపాలు చెరువు చుట్టూ ఉంటాయి. ఆ చుట్టు ఒక్కటే దాదాపు రెండు కిలోమీటర్లు. మరో పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారులో వెళ్తే, కారు ఆపాక మోనోరైలో, పెద్ద పడవో ఎక్కితే గానీ గేటు దగ్గరికి చేరరు. పొద్దుటి నుంచి రాత్రి బాణసంచా దాకా ఉంటే పన్నెండు, పదిహేను కిలోమీటర్లు నడవడం అక్కడ మామూలు సంగతి.

మన లెక్కలో చెప్పాలంటే అరుణాచల గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. మీరు చేయబోయేది దాదాపు ఒక గిరిప్రదక్షిణ. దానికి ఎలా సిద్ధపడతారో దీనికీ అలాగే సిద్ధపడాలి. మూడు రోజుల టికెట్టయితే మూడు ప్రదక్షిణలు!

నిలబడటమే అసలు పరీక్ష

“నడవగలను కానీ నిలబడలేను” అని చాలామంది పెద్దవాళ్లు అంటారు. అది వంక కాదు, శరీరం చెప్పే నిజం. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుంటూ సడలుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి, గుండె వైపు తోస్తుంటాయి. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. క్యూలో కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. రక్తం కిందికి చేరి పాదాలు ఉబ్బుతాయి, నడుము పట్టేస్తుంది.

కాబట్టి క్యూలో బొమ్మలా నిలబడకండి. మడమలు నెమ్మదిగా పైకి లేపి దించండి, పదిసార్లు. బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చండి. షూలోపలే వేళ్లు ముడిచి విప్పండి. పక్కన కమ్మీ ఉంటే పట్టుకోండి. బీపీ మాత్రలు వేసుకునేవారు కూర్చుని లేచేటప్పుడు తొందరపడొద్దు, తల తిరగవచ్చు.

ఆరు వారాల సాధన

పార్కు తేదీ ఖాయం కాగానే క్యాలెండర్‌లో ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. సాధన అక్కడ మొదలవ్వాలి.

మొదటి వారం రోజుకు 20 నిమిషాలు నడవండి. ప్రతి వారం ఐదు నిమిషాలు పెంచండి. మూడో వారం నుంచి వారానికి ఒకసారి గంట, ఐదో వారానికి గంటన్నర నడక పెట్టుకోండి. ఆఖరి వారంలో మాత్రం తగ్గించి కాళ్లకు విశ్రాంతినివ్వండి. బయట చలి ఉందా? అమెరికాలో చాలా షాపింగ్ మాల్స్ దుకాణాలు తెరవకముందే నడిచేవాళ్ల కోసం తలుపులు తీస్తాయి. అక్కడి పెద్దవాళ్లు గుంపులుగా నడుస్తుంటారు. మీరూ కలవండి.

నడకతో పాటు మూడు చిన్న పనులు చేయండి. వంటగట్టు పట్టుకుని మడమలు లేపి దించడం. గోడకు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి చాచి, మడమ నేలకు ఆనేలా ఉంచి, పిక్క సాగేదాకా అర నిమిషం ఆగడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. అన్నీ కలిపి పది నిమిషాలు చాలు. గుండె, మోకాళ్ల సమస్యలున్నవారు ముందు డాక్టరును అడగండి.

విమానం దిగిన వారంలోనే పార్కు పెట్టుకోకండి. పాదాల వాపు తగ్గాలి, నిద్ర దారిలో పడాలి. సుదీర్ఘ ప్రయాణం తర్వాత ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే అది అలసట అనుకోకండి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వెంటనే డాక్టరును కలవాలి.

షూస్ దగ్గర పొదుపు వద్దు

డిస్నీలాండ్ తెరిచిన రోజు ఎండ మండిపోయింది. అప్పుడే వేసిన తారు మెత్తబడి, ఆడవాళ్ల ఎత్తు మడమల చెప్పులు అందులో దిగబడిపోయాయి. డెబ్బై ఏళ్ల కిందటి ఆ పాఠాన్ని ఇప్పటికీ చాలామంది పాటించరు. ఫొటోల కోసం కొత్త చెప్పులు వేసుకుని వస్తారు.

యాభై దాటాక పాదం మారుతుంది. మడమ కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త పలచబడుతుంది. లిగమెంట్లు వదులై పాదం కాస్త వెడల్పు, పొడవు అవుతుంది. ఇరవై ఏళ్ల కిందటి సైజు చెప్పి షూ కొనడం పొరపాటు. పైగా మన సైజులు బ్రిటన్ పద్ధతివి. మన దగ్గర 8 వేసుకునే మగవారికి అమెరికాలో దాదాపు 9 కావాలి. ఆడవారికి రెండు అంకెల తేడా రావచ్చు. దుకాణంలో పాదం కొలిపించుకోండి. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌కు చెందిన చార్లెస్ బ్రానాక్ 1920లలో రూపొందించిన లోహపు కొలతపలక అక్కడి షూ దుకాణాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అది పొడవునూ వెడల్పునూ కూడా చెబుతుంది.

సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పార్కులో మధ్యాహ్నానికి ఉండే పాదం అదే. పొడవైన వేలికీ షూ ముక్కుకూ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఎన్నాళ్లుగానో చెప్పులే వేసుకున్నవారికి పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటే వెడల్పు రకం అడగండి. మగవారి షూస్‌లో డి అంటే మామూలు, 2ఈ, 4ఈ అంటే వెడల్పు. చీర కట్టుకున్నా, పంజాబీ డ్రెస్ వేసుకున్నా కాళ్లకు స్పోర్ట్స్ షూసే ఉండాలి. కొన్న షూతో ఆ ఆరు వారాలూ నడవండి. వీలైతే రెండు జతలు ఉంచుకుని రోజు మార్చి రోజు వేసుకోండి.

నూలు సాక్సులు చెమట పీల్చి తడిగా ఉండిపోతాయి, బొబ్బలు అక్కడే మొదలవుతాయి. చెమట ఆరిపోయే స్పోర్ట్స్ సాక్సులు కొనండి. ఒక పొడి జత బ్యాగులో పెట్టుకుని మధ్యాహ్నం మార్చండి. ఎక్కడైనా చురుక్కుమంటే ‘తర్వాత చూద్దాం’ అనొద్దు. ఆగి, అక్కడ ప్లాస్టర్ వేయండి. డిస్నీ పార్కులన్నిటిలోనూ ఫస్ట్ ఎయిడ్ కేంద్రాలున్నాయి, అడిగితే ఇస్తారు.

షుగర్ ఉన్నవారికి మరో జాగ్రత్త. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ వచ్చిన సంగతే తెలియదు. ప్రతి రాత్రీ అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతురులో చూసుకోండి, లేదా ఇంట్లోవాళ్లకు చూపించండి. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోవద్దు, కాలినా తెలియకపోవచ్చు.

మీ మండపాలు మీరే ఎంచుకోండి

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఆ దారిలో మన పెద్దలు మండపాలు కట్టించారు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ గోవింద నామంతో కదలడానికి. కాళ్లు పడిపోయాక కూర్చోవడం కాదు, పడిపోకముందే కూర్చోవడం ఆ దారి నేర్పిన పద్ధతి.

పార్కులోనూ మీకు మండపాలున్నాయి. మ్యాజిక్ కింగ్‌డమ్ చుట్టూ ఒకటిన్నర మైళ్లు తిరిగే ఆవిరి రైలుంది. అదే పార్కులోని టుమారోల్యాండ్‌లో పీపుల్ మూవర్ బండి పది నిమిషాలు గాలి తగిలేలా పైనుంచి పార్కును చూపిస్తుంది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మొదలైన క్యారోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లో మనం కూర్చుంటే ప్రేక్షకుల హాలే తిరుగుతుంది. ఇరవై నిమిషాలు చల్లగా కూర్చోవచ్చు. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ పడవ ఎక్కితే, వేర్లు గాల్లో వేలాడుతుండగా పెరిగే కూరగాయలు కనిపిస్తాయి. వ్యవసాయం చేసిన నాన్నలకు ఏ రోలర్ కోస్టరూ ఇవ్వలేని సంబరం అది. చెరువు చుట్టూ నడవలేకపోతే దాటించే పడవలున్నాయి. కాలిఫోర్నియాలో యూనివర్సల్ స్టూడియోస్ హాలీవుడ్‌కు వెళ్తే ట్రామ్ టూర్‌లో దాదాపు గంటసేపు కూర్చునే అన్నీ చూడొచ్చు. డిస్నీ వరల్డ్‌లోని ఆనిమల్ కింగ్‌డమ్ సఫారీ కూడా కూర్చుని చూసేదే కానీ బండి బాగా కుదుపుతుంది. నడుం నొప్పి ఉంటే ఆలోచించుకోండి.

ఒక నడక, ఒక కూర్చునే ఆట. ఈ వరుసలో రోజును పేర్చుకోండి. పొద్దున గేటు తీసేసరికి అక్కడుండండి. ఫ్లోరిడా వేసవి మధ్యాహ్నాల్లో ఎండ, ఉక్క, ఆపైన ఉరుములతో వాన. ఆ వేళ ఓ మూడు గంటలు గదికి వెళ్లి, కాళ్లు దిండు మీద ఎత్తి పెట్టుకుని పడుకోండి. సాయంత్రం మళ్లీ రండి. డిస్నీ పార్కుల్లో కౌంటర్ దగ్గర ఆర్డరిచ్చే హోటళ్లలో చల్లటి మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు, అడిగి తాగండి.

పొద్దున తొమ్మిదింటికే చెప్పండి

అల్లుడి ముందు ‘కాళ్లు లాగుతున్నాయి’ అనడానికి సిగ్గు. కోడలు ప్లానంతా వేసింది, పాడుచేయడం ఎందుకన్న సంకోచం. పిల్లల డబ్బు వృథా అవుతుందన్న బెంగ. ఇవన్నీ ప్రేమలోంచి వచ్చేవే. కానీ మధ్యాహ్నం మూడింటిదాకా ఓర్చుకుని ఒక్కసారిగా కూలబడితే మీకూ బాధ, వాళ్లకూ బాధ.

అందుకే అలసిపోకముందే, నవ్వుతూ, స్పష్టంగా చెప్పండి: “బాబూ, నేను రెండు గంటలు హాయిగా నడుస్తాను. ఆ తర్వాత అరగంట కూర్చోవాలి. దాన్నిబట్టి ప్లాన్ వేయండి.” అందులో ఫిర్యాదు లేదు, బతిమాలడం లేదు. పిల్లలకు కావాల్సిన సమాచారం ఉంది. తన హద్దును తాను తెలుసుకుని చెప్పగలగడం పెద్దరికం.

వీల్‌చైర్ అంటే ఇంకా సంకోచం. విమానాశ్రయంలో ఎంతమంది అమ్మానాన్నలు వీల్‌చైర్ తీసుకోవడం లేదు? అప్పుడు లేని సిగ్గు పార్కులో ఎందుకు? గేటు దగ్గర చక్రాల కుర్చీలు, ఎలక్ట్రిక్ స్కూటర్లు అద్దెకిస్తారు. ముందొచ్చినవారికే దొరుకుతాయి కాబట్టి పొద్దున్నే తీసుకోండి. రోజంతా అందులోనే కూర్చోనక్కర్లేదు. కాసేపు నడిచి, కాసేపు కూర్చోండి. మీరు నడుస్తున్నప్పుడు అందులో బ్యాగులు కూర్చుంటాయి!

పిల్లలకూ ఒక మాట. “అమ్మా, బాగానే ఉన్నావా?” అని అడిగితే ఏ అమ్మయినా “బాగానే ఉన్నా” అంటుంది. అలా అడగకండి. “మనం ఇప్పుడు కూర్చుందాం” అనండి. మీరు కూర్చుంటే ఆమే కూర్చుంటుంది.

బెంచీ మీద కూర్చోవడం తప్పేం కాదు. ఒంటరిగా, బ్యాగులకు కాపలాగా, మిగిలిపోయినట్టు కూర్చోవడమే వద్దు. ఆరు వారాలు నడిచిన కాళ్లతో వెళ్లండి, మీకు సరిపోయిన షూస్ వేసుకుని వెళ్లండి, మీ మాట మీరు చెప్పి వెళ్లండి. గ్రిఫిత్ పార్కు బెంచీ మీద ఆ తండ్రి కోరుకున్నదల్లా పిల్లల పక్కన చోటు. రంగులరాట్నం మీద మనవరాలి పక్క గుర్రం ఖాళీగా ఉంది. వెళ్లి ఎక్కండి.