ఒత్తు మొక్కలు - దయ

మఠముల పెరళ్లలోను, గృహస్థుల దొడ్లలోను ముల్లంగి, తోటకూర విత్తనములు చల్లిన పది పదునైదు దినములకు ఒక చిక్కు వచ్చుచున్నది. జానెడు చోట ఇరువది మొలకలు లేచి నిలుచును. ముల్లంగికైనచో ఆ జానెడులో మూడింటికి మించి చోటు లేదు. తక్కినవానిని తీసివేయవలయునని తెలిసియు తోట చేయువాని చేయి సాగదు. తాను నీరు పోసి మొలిపించిన ప్రాణమును తానే పెరికివేయుట ఎట్లు? ఈ సంకోచమును పరిహసించుట తగదు. బసవేశ్వరుని బోధలో దయకు గల స్థానమెరిగిన కుటుంబములలో అది సహజమే.

అయినను ఆ సంకోచము మడికి చేయు మేలెంతయో చూడవలసియున్నది. ముల్లంగి మూడు నాలుగు దినములకే మొలచి, రెండు మూడు అసలు ఆకులు వేయునాటికి పక్క మొక్కతో పోటీ పడును. వెలుతురుకై కాడలు సాగి వాలిపోవును. వేళ్లు పెనవేసికొనును. నెల్లాళ్లకు మడి నిండ ఆకే గాని గడ్డ ఊరదు. ఇరువదింటిని కాపాడితినను తృప్తి మనుష్యునిది, ఆకలి మొక్కలది. బలము గలది తానే బ్రతుకునని విడిచిపెట్టువారును గలరు. అది దయ గాదు, తీర్పు చెప్పవలసిన పనిని తప్పించుకొనుట.

12వ శతాబ్దపు శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఇచ్చట స్మరింపదగినది. కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలేరుట మారయ్య కాయకము. ఒకనాడాయన అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఎక్కువైన గింజలను తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపినది. దాసోహమునకు ఎక్కువ తెచ్చితినను సమాధానమును ఆమె అంగీకరింపలేదు. ఆమె దృష్టితో చూచినచో మడిలోని దోషము పెరికివేయునాడు జరిగినది కాదు, పిడికిలి నిండ విత్తనము తీసిననాడే జరిగినది. దయ చూపవలసిన సమయమది. తోటకూర వంటి సన్నని విత్తనమును పొడి ఇసుకతో కలిపి చల్లినచో పలుచగా పడును. ముల్లంగి గింజలను సాలులో ఎడముగా వేయవచ్చును.

ఎంత జాగ్రత్త పడినను కొన్ని ఒత్తుగా మొలచును. వానిని ఒకేసారి గాక రెండు విడతలుగా తీయుట మేలు. సాయంకాలము మడి తడిపి, నిలుపదలచిన మొక్క మొదట రెండు వ్రేళ్లు అదిమిపట్టి, పక్కదానిని లాగవలయును. మరీ దగ్గరగా నున్నచో నేల మట్టమునకు కత్తెరతో కత్తిరించుట మంచిది. అప్పుడు నిలుచు మొక్క వేరు కదలదు. లింగపూజకై పెంచు బంతి మొలకలను వేరొక చోట నాటవచ్చును. వంగ నారును అట్లే. ముల్లంగిని, క్యారెట్టును నాటరాదు. తల్లివేరు తెగి గడ్డ చీలికలు వారును.

తీసిన తోటకూర మొలకలను వేళ్లు కోసి, మట్టి పోవువరకు రెండు మూడు నీళ్లలో కడిగి పప్పులో వేసినచో ఆనాటి దాసోహపు పంక్తికి పనికివచ్చును. ముల్లంగి మొలకలకు కొంత ఘాటు గలదు. అవి తోటకూరలో పిడికెడు కలిపిన చాలును.