అంచెల పందెము

తెలుగున అంచె యను మాట చాల పాతది. దూరప్రయాణమున గుఱ్ఱములనుగాని మనుష్యులనుగాని మార్చుకొను మజిలీకి అంచె యని పేరు. ఒకడు పరుగెత్తి వచ్చి అలసినచోట రెండవవాడు అందుకొని సాగుట అంచె పద్ధతి. 'అంచెలంచెలుగా పైకి వచ్చినాడు' అని మనము నిత్యము అనుచుందుము గాని, ఆ మాటలో ఒక బాటయు, ఆ బాటమీద రొప్పుచు వచ్చు ఒక మనుష్యుడును ఉన్నారని తలపము. మైసూరు రాజ్యమున తపాలాకే అంచె యని పేరుండెడిది. నేడు ఆటలలో రిలే అనునది ఈ అంచెయే.

అడవి బాటలలో, గుట్టలెక్కి దిగుచు, సైకిళ్ళపై గంటల తరబడి సాగించు అంచెల పందెము ఒకటి కలదు. దానికి ఎట్లు సిద్ధపడవలెనో ఈ పాఠమున తెలిసికొందము. సైకిలు తొక్కుట మీలో అనేకులకు తెలిసినదే. కాని ఈ పందెమున తొక్కుటకంటె కష్టమైన పని వేరొకటి ఉన్నది. దానిని తెలిసికొనుటకు పూర్వుల అంచెలను ముందు చూడవలెను.

పారసీక చక్రవర్తులు సార్డిస్ నగరము నుండి సూసా నగరము వరకు రాజమార్గము నిర్మించి, దారి పొడవున గుఱ్ఱములను, రౌతులను నిలిపియుంచిరి. మంచుగాని వానగాని ఎండగాని చీకటిగాని ఆ వార్తాహరులను ఆపజాలదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. మన దేశపు అంచెలను గూర్చి ఇబన్ బతూతా అను యాత్రికుడు వ్రాసినది మఱింత ఆసక్తికరము. అతడు 1333లో సింధునది తీరమునకు వచ్చెను. అప్పుడు ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ ఏలుచుండెను. గుఱ్ఱపు టపాకంటె కాలినడక టపాయే వేగముగా పోవుచుండెనని అతని సాక్ష్యము. పరుగెత్తువాడు ఒక చేత లేఖను, రెండవ చేత రెండు మూరల కఱ్ఱను పట్టుకొనును. ఆ కఱ్ఱ కొనకు రాగి గజ్జెలుండును. గజ్జెల చప్పుడు దూరమున వినబడగానే తరువాతి అంచెలోని మనిషి నడుము బిగించి లేచి నిలుచుండును. వచ్చినవాడు ఆగకముందే లేఖ చేతులు మారును.

ఆంగ్లేయుల పాలనలోను ఈ పద్ధతి పోలేదు. రైలుగాని మోటారుగాని పోజాలని ప్రాంతములలో రన్నరు అను ఉద్యోగి తపాలా సంచిని భుజమున వేసికొని, గజ్జెలు కట్టిన బల్లెము చేతబట్టి, ఐదాఱు మైళ్ళు మొదలు ఎనిమిది మైళ్ళ వరకు పరుగెత్తి సంచిని తరువాతివానికి అప్పగించెడివాడు. ముందున్న దారిలో పులి తిరుగుచున్నదని విన్నను ఆగుటకు అతనికి వీలులేదు.

ఇక సైకిలు కథ. గత శతాబ్దపు డెబ్బదులలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కొందఱు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళను సంపాదించి తామల్పాయిస్ అను కొండమీదికి కొనిపోయి, మట్టిదారిలో దిగువకు వదలుచుండిరి. 1976లో ఒక దిగుడుబాటపై పందెములు మొదలుపెట్టిరి. ఆ దిగుడులో బ్రేకు కాగి, చక్రపు నడిమి భాగమున ఉన్న గ్రీసు పొగయై పోయెడిది. ప్రతి పర్యాయము మరల గ్రీసు కూరవలసి వచ్చుటచేత ఆ పందెమునకు 'రీప్యాక్' అను పేరు స్థిరపడినది. ఆ ఆటనుండియే కొండసైకిలు పుట్టినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో దానికి స్థానము లభించినది. అంతకు నాలుగేండ్లు ముందు, 1992లో, వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున ఇరువదినాలుగు గంటల అంచెల పందెము నడిపిరి. జట్టునకు నలుగురు. ఒకరు అడవిలో చుట్టు తిరిగి వచ్చువరకు తక్కిన మువ్వురు విడిదిలో ఉందురు. పగలు, రాత్రి, మరల పగలు.

విద్యార్థులారా! ఇచ్చట కొంచెము లెక్క వేయుడు. చుట్టు 16 కిలోమీటర్లనియు, గంటకు 16 కిలోమీటర్ల వేగమనియు అనుకొందము. ఇరువదినాలుగు గంటలలో 24 చుట్లు, ఒక్కొక్కరికి ఆఱు. వంతు మారు సందర్భములు 23. ఒకరు వచ్చి చేరునప్పటికి రెండవవారు బూటు కట్టుకొనుచునో, సీసాలో నీళ్ళు నింపుకొనుచునో ఉండి రెండు నిమిషములు జాగు చేసిరనుకొనుడు. మొత్తము 46 నిమిషములు పోయినవి. అనగా ఎవ్వరును తొక్కక, ఎవ్వరును అలయక, 12 కిలోమీటర్లు నష్టపోయితిమి. ఆ నష్టమును కాళ్ళతో పూడ్చుటకు నెలల సాధన కావలెను. సమయమునకు లేచి నిలుచుటకు సాధన అక్కఱలేదు, బుద్ధి కావలెను. నేను చెప్పిన కష్టమైన పని ఇదియే. ఈ పందెమున తొక్కుటకంటె వేచియుండుటకు ఎక్కువ సిద్ధపడవలెను.

జట్టును ఎన్నుకొనునపుడు సామాన్యముగా వేగము ఒక్కటే చూతురు. బడిలో చాలకాలము పిల్లలను చూచినవాడను గనుక నా అభిప్రాయము వేరు. ప్రార్థన గంటకు ముందే వచ్చువారిని మొదట ఏరవలెను. బాలుడైనను, బాలికయైనను సరే. మెల్లగా తొక్కువారు నిలుకడగా ఆఱు చుట్లును తిరిగి వత్తురు. మొదటి చుట్టులో అందఱను మించవలెనని బలమంతయు ఖర్చుచేసినవాడు నాలుగవ చుట్టునకు సైకిలును తోసికొని వచ్చును. అతని ఆలస్యము అతనిది మాత్రమే కాదు. చీకటిలో అతని కొఱకు నిలిచియున్న మువ్వురిది.

ఇట్టి పందెమునకు మన పర్ణశాల పరిసరములను ఊహించుకొందము. భద్రాచలమునకు ఎగువన, గోదావరి ఎడమగట్టున, సుమారు 35 కిలోమీటర్ల దూరమున పర్ణశాల యున్నది. ఆ దూరమును నలుగురు పంచుకొన్నచో ఒక్కొక్కరి వంతు పూర్వపు రన్నరు అంచెకు దాదాపు సమానమగుట వింత. సీతారామలక్ష్మణులు ఇచ్చట వసించిరని స్థలపురాణము. సీతమ్మవాగును చూచుటకు యాత్రికులు నిత్యము వత్తురు. భద్రాచలము నుండి వచ్చు రోడ్డు 2014 తరువాత కొంతదూరము ఆంధ్రప్రదేశమునను, తక్కినది తెలంగాణమునను ఉన్నది. సైకిలు చక్రమునకు ఆ భేదము తెలియదు. రోడ్డు దిగినచో బండిబాటలు, ఇసుక, గులకరాళ్ళు, వాగులు, టేకు, ఇప్ప, తునికి, వెదురు.

మొదట కాలమును ఎంచుకొనవలెను. వానకాలము పనికిరాదు. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇత్తురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. గోదావరి పొంగినప్పుడు వాగులు వెనుకకు ఎగదన్ని దారులను ముంచును. వేసవియు తగదు, ఎండకు మనిషి సొమ్మసిల్లును. మార్గశిర పుష్యమాసములు మేలు.

పిదప దారిని నడిచి చూడవలెను. నడిచియే, సైకిలుపై కాదు. అడవిశాఖవారి అనుమతి పొంది, ఆ ఊరి కోయ పెద్దలనడిగి, వారిలో ఒకరిని తోడు తీసికొని పోవుట ఉత్తమము. ఏ వాగులో ఊబి యున్నదో, ఏ మలుపున ఎలుగుబంటి తిరుగునో వారికి తెలిసినట్లు పటములకు తెలియదు.

సైకిలు సంగతి. గేర్లున్న కొండసైకిలు ఉన్న మంచిదే. లేకున్నను అధైర్యపడనక్కఱలేదు; మిట్ట వచ్చినపుడు రొప్పువచ్చు వరకు తొక్కక, ముందే దిగి తోయుట నేర్చినచో చాలును. గేర్లున్నవారు మిట్ట ఆరంభము కాకమునుపే గేరు మార్చవలెను. నడిమిట్టలో మార్చినచో గొలుసు జాఱును. ఇసుకలోను, రాళ్ళపైని టైరులో గాలి కొంచెము తగ్గించినచో పట్టు దొరకును. మఱీ తగ్గించినచో రాతికిని రిమ్ముకును నడుమ నలిగి ట్యూబు తెగును. బొటనవ్రేలితో నొక్కి చూచి గాలిని అంచనా కట్టుట సైకిలు షాపులో ఒక పూట కూర్చున్న వచ్చు విద్య. అక్కడనే పంక్చరు అతుకుటయు నేర్వవలెను. రేగుముళ్ళ దారిలో షాపు ఉండదు. పంపు, అతుకులు, సొల్యూషన్, ఒక ట్యూబు, పానాలు ఒక సంచిలో ఎల్లప్పుడు ఒకేచోట ఉండవలెను. చీకటిలో చేయి చాచినపుడు దొరకని పానా లేని పానాతో సమానము.

సాధన మూడు నెలలకు తక్కువ కారాదు. వారమునకు మూడు దినములు గంటసేపు నెమ్మదిగా, ఒక దినము మిట్టలపై, ఒక దినము దూరము. రాత్రి లాంతరు వెలుగున తొక్కుట వేరుగా అలవాటు చేసికొనవలెను. పగలు చిన్నదిగా కనబడిన రాయి రాత్రి నీడతో కలిసి గుంటవలె తోచును. దిగుడులో శరీరమును వెనుకకు జరిపి రెండు బ్రేకులను మెల్లగా వాడవలెను. ముందు బ్రేకును ఒక్కసారి బిగించినవాడు హ్యాండిలు మీదుగా ఎగిరిపడును. తలకు హెల్మెట్ లేనివానిని పందెమున దింపరాదు. ఈ విషయమున నేను ఎవరి మాటయు వినను. కళ్ళు తిరిగినవాడు వెంటనే ఆగవలెను. రన్నరుకు లేని ఆ స్వేచ్ఛ మీకున్నది.

ఆహారము సాధన దినములలో తిన్నదియే కావలెను. పందెపునాడు కొత్త పదార్థము ముట్టరాదు. రాగిజావ, అరటిపండు, వేరుసెనగ ఉండలు, ఉప్పు వేసిన మజ్జిగ చాలును. చెమట పట్టినవారికి లీటరు మరగించి చల్లార్చిన నీటిలో ఆఱు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇయ్యవచ్చును. చెంచాలు తలకొట్టి కొలువవలెను.

నిద్ర గూర్చి మఱియొక లెక్క. గంటకొకరు మారినచో ప్రతివారికి మూడు గంటల విరామము. అందులో కడుగుకొనుటకు, తినుటకు, సైకిలు చూచుకొనుటకు ఒక గంట పోయినచో మిగిలినది రెండు. రాత్రి మాత్రము ఒక్కొక్కరు వరుసగా రెండేసి చుట్లు తిరిగినచో విరామము ఆఱు గంటలగును, నిజమైన నిద్ర దొరకును. అయితే నిద్రించువారిని లేపు బాధ్యత ఒకరికి అప్పగింపవలెను. ఆ లేపువాడు ఐదవ సభ్యుడు. పందెములో అతని పేరు ఉండదు. జట్టులో అతనిని అందఱికంటె ముందు ఎన్నుకొనుడు.

చివరగా చేతులు మారుచోటు. అది సమతలముగా, మలుపునకు దూరముగా ఉండవలెను. వచ్చువారు ఎడమప్రక్కన, పోవువారు కుడిప్రక్కన అని ముందే నిశ్చయించుకొని, పదిసార్లు పగలు, పదిసార్లు రాత్రి అభ్యసింపుడు. ఇచ్చుటకు తెచ్చినది చిన్న కఱ్ఱయైనను, చేతిగుడ్డయైనను, అందినదని రెండవవారు పలికిన పిదపనే విడువవలెను. ఫర్లాంగు దూరమున ఉండగానే వచ్చువారు బెల్లు మ్రోగింపవలెను. బరువు తగ్గునని పందెపు సైకిళ్ళకు బెల్లు ఊడదీయువారు కొందఱున్నారు. మీరు దానిని ఊడదీయకుడు.