కుక్కకి గింజలు పెట్టవచ్చా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కి నాలుగేళ్లు. బొచ్చు నిగనిగలాడుతుందంటే పెరుగన్నంలో అవిసె గింజలు కలుపుతున్నాను. తిన్నవి తిన్నట్టే విరేచనంలో కనిపిస్తున్నాయి. మానెయ్యమంటారా?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మానక్కర్లేదమ్మా, పొడి చేసి పెట్టండి. కుక్క మనలా నమలదు, మింగేస్తుంది. పైపొట్టు పగలకపోతే లోపలి నూనె ఒంటికి పట్టదు. గింజల్ని సన్నటి సెగమీద దోరగా వేయించి, బాగా చల్లారాక మిక్సీ పట్టి, గట్టి మూతున్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వారానికి సరిపడా చేసుకుంటే చాలు, ఈ పొడి త్వరగా చెడుతుంది. మూత తీయగానే పాత నూనె కంపు కొడితే పారబోయండి. కుక్కకే కదా అని పెట్టొద్దు.

30 కిలోల కుక్కకి ఒక టీస్పూను, వారానికి రెండు మూడుసార్లు. 5 కిలోల పొమెరేనియన్‌కైతే పావు టీస్పూను. మొదట అందులో సగమే పెట్టి, విరేచనం పలచబడుతుందేమో చూడండి. నువ్వులు, పొట్టు తీసిన గుమ్మడి గింజలు కూడా ఇలాగే, ఉప్పూ కారం తగలకుండా. చియా, సబ్జా అయితే నానబెట్టి, ఉబ్బాకే పెట్టాలి. వీటన్నిటిలో కొవ్వు ఎక్కువ. లాబ్రడార్లు ఇట్టే లావెక్కుతాయి. క్లోమం వాపు వచ్చిన కుక్కకి మాత్రం ఏ గింజలూ వద్దు.

ఒక మాట. అవిసెలో ఉండే ఒమేగా-3ని కుక్క ఒళ్లు తనకు పనికొచ్చేలా మార్చుకునేది కొద్దిగానే. ఉడికించి ముళ్లు తీసిన చేప అంతకంటే మేలు. బొచ్చు రాలుతూ, అదేపనిగా గోక్కుంటుంటే గింజలతో రోజులు గడపకండి. గోమార్లో, గజ్జో, ఫంగసో డాక్టరు చూసి తేల్చాలి.

ప్రశ్న: గుమ్మడి గింజలు పెడితే కడుపులో పురుగులు పోతాయంటున్నారు. మాత్రలు ఆపెయ్యొచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆపొద్దు. తోక కింద బొచ్చుకి బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. ఒంటిమీద గెంతే ఫ్లీస్‌ను కొరికి మింగడం వల్ల ఎక్కువగా వస్తుంది. బరువును బట్టి మాత్ర వేయించండి, ఫ్లీస్‌కీ మందు వాడండి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే పురుగు మళ్లీ వస్తుంది.

ప్రశ్న: అసలు పెట్టకూడని గింజలేవి?
- ఒక గృహిణి, నల్గొండ

జవాబు: సీతాఫలం, ఆపిల్ గింజలు వద్దు. గసగసాలూ వద్దు. మామిడి టెంక పేగుకు అడ్డంపడితే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

అన్నిటికంటే నాకు భయం ఆముదం గింజలంటే. నమిలితే కొద్ది గింజలే ప్రాణం తీయగలవు. గింజ దాకా ఎందుకు, గులాబీ కుండీలకు వేసే ఆముదపు పిండి చాలు. ఎముకల పొడి కలిపితే ఆ వాసనకి కుక్క మట్టి తవ్వి మరీ తింటుంది. లక్షణాలు వెంటనే కనిపించకపోవచ్చు. కొన్ని గంటలకో, మర్నాటికో వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. హుషారుగానే ఉంది కదా అని ఆగకండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం అసలే చేయొద్దు, ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పిండి సంచీ చేతపట్టుకుని నేరుగా పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.