మూడు ఊళ్ళు – ఒక వృత్తం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు మూడూ ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అవి కొత్త జిల్లాలకు కేంద్రాలయ్యాయి. సికింద్రాబాద్ నుండి కాజీపేటకు పోయే రైలుమార్గంలో జనగామ, కాజీపేట నుండి విజయవాడకు పోయే మార్గంలో మహబూబాబాద్, సింగరేణి గనుల నడుమ భూపాలపల్లి ఉన్నాయి. ఈ మూడూ ఒకే సరళరేఖపై లేవు. అట్టి మూడు బిందువుల గుండా ఒకే ఒక వృత్తం పోతుందని రేఖాగణితం చెబుతున్నది. అయితే దాని కేంద్రం ఎక్కడ ఉంటుంది?

జనగామను మూలబిందువుగా, తూర్పు దిక్కును ఎక్స్ అక్షంగా, ఉత్తర దిక్కును వై అక్షంగా, కిలోమీటరును ప్రమాణంగా గ్రహిస్తే మహబూబాబాద్ సుమారు (87, –13) వద్ద, భూపాలపల్లి సుమారు (72, 79) వద్ద ఉంటాయి. ఈ మూడింటి గుండా, అర కిలోమీటరు తేడాతో, పోయే వక్రానికి సమీకరణం ఇది:

ఎక్స్² + వై² – 98 ఎక్స్ – 56 వై = 0

వర్గాలను పూర్తిచేస్తే ఇది (ఎక్స్ – 49)² + (వై – 28)² = 3185 అవుతుంది. అనగా (49, 28) నుండి సమాన దూరంలో ఉన్న బిందువుల సముదాయం. ఆ దూరం సుమారు 56.4 కిలోమీటర్లు. పటంపై ఆ కేంద్రాన్ని గుర్తిస్తే అది వరంగల్ నగర పరిసరాలలోనే పడుతుంది! ఓరుగల్లు కోట దానికి నాలుగు కిలోమీటర్ల లోపుననే ఉన్నది. ఇది కాకతాళీయమే తప్ప ఎవరో ఏర్పరచినది కాదు. పైగా ఈ దూరం పక్షి ఎగిరే దారిలోనిది, బస్సు నడిచే దారిలోనిది కాదు.

రెండవ తరగతి సమీకరణమంతా వృత్తం కాదు. ఏ ఎక్స్² + 2 హెచ్ ఎక్స్ వై + బి వై² + 2 జి ఎక్స్ + 2 ఎఫ్ వై + సి = 0 అనే సాధారణ రూపం పరావలయాన్ని గాని, దీర్ఘవృత్తాన్ని గాని, అతిపరావలయాన్ని గాని, సరళరేఖల జంటను గాని సూచించవచ్చు. అది వృత్తం కావాలంటే మొదట ఏ, బి సమానమై, సున్న కాకుండా ఉండాలి. ఈ నియమం ఎందుకో పై పటమే చెబుతుంది. కిలోమీటర్లకు బదులు అక్షాంశ రేఖాంశాల డిగ్రీలనే నేరుగా కాగితంపై గుర్తించారనుకుందాం. ఈ ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు, ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. అప్పుడు వర్గపదాల గుణకాలు 106², 111² అవుతాయి. అవి అసమానం కనుక ఆ కాగితంపై అదే వృత్తం దీర్ఘవృత్తమై కనబడుతుంది.

రెండవ నియమం, ఎక్స్ వై పదం ఉండరాదు. దీనిని కంటితోనే కనిపెట్టవచ్చు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరపడే చోటు ఒకటున్నది. 2 ఎక్స్² + 2 వై² – 196 ఎక్స్ – 112 వై = 0 అనేది పై వృత్తమే. ముందుగా 2తో భాగించక, 196లో సగం, 112లో సగం తీసుకున్న వారి కేంద్రం (98, 56) అవుతుంది. అది వరంగల్‌ను విడిచి ములుగు అడవుల వైపు పోతుంది!

మూడవ నియమం కంటికి కనబడదు, లెక్కకే దొరుకుతుంది. జి² + ఎఫ్² – ఏ సి విలువ ఋణసంఖ్య కాకూడదు. పై సమీకరణంలో జి, ఎఫ్‌లను మార్చక సి విలువను మాత్రమే పెంచుతూ పోతే కేంద్రం కదలదు, వ్యాసార్ధం మాత్రం తగ్గుతుంది. ఇవి ఏకకేంద్ర వృత్తాలు. ఓరుగల్లులో ఇంచుమించు గుండ్రంగా ఉన్న రాతికోట, దానిని చుట్టిన మట్టికోట ఈ అమరికను తలపింపజేస్తాయి. రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. సి = 3184 అయితే వ్యాసార్ధం ఒక కిలోమీటరు, అంటే మూడు జిల్లా కేంద్రాలను చుట్టిన వృత్తం కోట ప్రాకారాలంతకు ముడుచుకుపోయిందన్నమాట. సి = 3185 అయితే మిగిలేది ఒక్క బిందువే. దానిని బిందువృత్తమంటారు.

సి = 3186 అయితే? ఏ, బి సమానమే, ఎక్స్ వై పదమూ లేదు. చూపులకు అది వృత్తమే. కాని వ్యాసార్ధపు వర్గం –1 అవుతున్నది. ఋణసంఖ్య స్వభావరీత్యా వర్గం కాదు గనుక దానికి వర్గమూలం లేదని 9వ శతాబ్దిలోనే మహావీరాచార్యుడు తన సంస్కృత గ్రంథం 'గణితసారసంగ్రహం'లో చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన 11వ శతాబ్దివాడని ప్రసిద్ధి. కనుక జనగామ మొదలు భూపాలపల్లి వరకు ఎంత వెదకినా, పటాన్ని ఎంత పెంచినా, ఆ సమీకరణానికి చెందిన బిందువు ఒక్కటీ దొరకదు.